777 కొట్టే ముందు ఒక్క ప్రశ్న: రాస్తున్నది ఎవరు?

విశాఖపట్నం సిరిపురంలో వెబ్ డెవలపర్ల సాయంత్రం సమావేశంలో ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు. కమాండ్లు కూడా వక్త పలికినట్టే ఉంచాం.

నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చి కూర్చోండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని మీ భయం. అడుగుతాను. వెనక వరసనీ అడుగుతాను, కాబట్టి నిలబడి లాభం లేదు.

మొదటి ప్రశ్న ఇప్పుడే. మీ వెబ్ అప్లికేషన్‌లో ఫొటో అప్‌లోడ్ చేస్తుంటే ఎక్కడం లేదు. లాగ్, అంటే జరిగినవన్నీ అప్లికేషన్ రాసుకునే ఫైలు, తీసి చూస్తే ‘పర్మిషన్ డినైడ్’ అని ఉంది. మీ చెయ్యి మొట్టమొదట ఏం టైపు చేస్తుంది? నిజం చెప్పండి, ఇక్కడ మీ మేనేజర్లు ఎవరూ లేరు. అదీ! చమోడ్ 777, అంటే ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అని పర్మిషన్ మార్చే కమాండ్. సగం మంది పైకే అన్నారు, మిగతా సగం లోపల అనుకున్నారు.

‘పనిచేస్తుంది కదండీ, మరి తప్పేముంది’ అంటారు. సెక్యూరిటీ మాట తర్వాత చెప్తాను, అది ఎటూ అందరూ చెప్పేదే. నా గొడవ వేరు. 777 కొట్టాక సమస్య పోయిందనుకోండి. ఎందుకు పోయిందో తెలిసిందా? తెలియలేదు. రేపు మళ్లీ వస్తే ఎందుకు వచ్చిందో తెలుస్తుందా? తెలియదు. అడగాల్సిన ప్రశ్న అడక్కుండా దాటేశాం, అంతే. ఆ ప్రశ్న ఏంటంటే, ఈ ఫోల్డర్‌లో రాయాలని చూస్తున్నది ఎవరు? ఏ యూజర్ పేరు మీద? ఈ సాయంత్రమంతా ఇదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతాను, విసుక్కోకండి.

రోజూ అర్ధరాత్రి ఆగిపోయే అప్లికేషన్

మన ఊళ్లోనే రొయ్యలు ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీ ఉంది. పేరు అనవసరం. వాళ్లకి లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిన ఒక అప్లికేషన్ ఉంది. లారీ వచ్చినప్పుడల్లా బరువు, కౌంటు, బిల్లు ఫొటో అందులో ఎక్కించాలి. రాత్రి షిఫ్ట్‌లో కూడా లారీలు వస్తాయి, కాబట్టి రాత్రంతా ఎంట్రీలు పడుతూనే ఉంటాయి. సర్వర్ మార్చినప్పటి నుంచీ ఒక వింత మొదలైంది. పగలంతా బాగానే నడుస్తుంది. రాత్రి పన్నెండు దాటిందంటే చాలు, ఎంట్రీ సేవ్ చేస్తే 500 ఎర్రర్, అంటే సర్వర్ లోపలే ఏదో ఆగిందని.

అక్కడున్న కుర్రాడు పొద్దున్నే వచ్చి స్టోరేజ్ ఫోల్డర్ మీద, లోపలున్నవాటన్నిటికీ కలిపి, చమోడ్ హైఫన్ క్యాపిటల్ ఆర్ 777 కొడతాడు. టకీమని పనిచేస్తుంది. మళ్లీ రాత్రి పన్నెండుకి పడిపోతుంది. మళ్లీ పొద్దున్నే 777. కొన్నాళ్లకి అతనికీ విసుగొచ్చి, ఆ 777 కమాండ్‌నే పొద్దున ఆరు గంటలకి క్రాన్‌లో, అంటే టైము ప్రకారం కమాండ్లు తనే నడిపేదాన్లో, పెట్టేశాడు. నవ్వకండి, ఇలాంటి క్రాన్ మీ సర్వర్లో కూడా ఉండి ఉండొచ్చు, ఇంటికెళ్లి చూసుకోండి. రాత్రి షిఫ్ట్ వాళ్లు మాత్రం పన్నెండు నుంచి ఆరు దాకా కాగితం మీద రాసుకుని, తెల్లారాక ఎక్కించేవాళ్లు.

ఇప్పుడు మీరు చెప్పండి. రాత్రి పన్నెండుకి ఏం మారుతుంది? పర్మిషన్లు వాటంతటవే మారవు కదా. ఎవరో ఏదో చేస్తున్నారు. ఎవరు?

స్టోరేజ్ లోపలి లాగ్స్ ఫోల్డర్లోకి వెళ్లి ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొట్టాం, అంటే ఫైళ్ల జాబితా పర్మిషన్లతో సహా తీశాం. రోజుకో లాగ్ ఫైలు, పేరులో తేదీ. నిన్నటిది, మొన్నటిది, అంతకుముందువి అన్నీ ఆర్ డబ్ల్యూ ఎక్స్, ఆర్ డబ్ల్యూ ఎక్స్, ఆర్ డబ్ల్యూ ఎక్స్. ఆర్ చదవడం, డబ్ల్యూ రాయడం, ఎక్స్ నడపడం; మొదటి గుంపు ఓనర్‌కి, రెండోది గ్రూప్‌కి, మూడోది అదర్స్‌కి, అంటే మిగతా అందరికీ. అంటే మన కుర్రాడు కొట్టిన 777. ఇవాళ్టి తేదీ ఉన్న ఫైలు ఒక్కటి మాత్రం ఆర్ డబ్ల్యూ, ఆర్, ఆర్. అంటే 644. దాని టైము చూస్తే రాత్రి 12:00. సరే, ఇది చూడగానే ఎవరైనా ఏమంటారు? ‘ఇవాళ్టి ఫైలుకి పర్మిషన్ తక్కువుంది, పెంచేద్దాం’ అంటారు. ఆగండి. మూడో కాలమ్ చూడండి. ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొట్టినప్పుడు అందరూ మొదటి కాలమ్ చూసి ఆగిపోతారు. మూడో కాలమ్‌లో ఓనర్ పేరు ఉంటుంది. ఇవాళ్టి ఫైలుకి ఓనర్ రూట్, అంటే సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్. పాత ఫైళ్లకీ ఓనర్ రూటే. వెబ్ అప్లికేషన్ రూట్ పేరు మీద నడుస్తోందా? లేదు. అది ఉబుంటు లినక్స్ సర్వర్, అక్కడ పీహెచ్‌పీ ట్రిపుల్ డబ్ల్యూ డేటా అనే యూజర్ పేరు మీద నడుస్తోంది. మరి ఈ రూట్ ఎవరు, రాత్రి పన్నెండుకి వచ్చి మన లాగ్స్‌లో ఫైలు పెట్టి వెళ్తున్నది?

రూట్ క్రాన్‌ట్యాబ్, అంటే రూట్ పేరు మీదున్న క్రాన్ పనుల జాబితా, తీసి చూశాం. లారావెల్ షెడ్యూలర్ నిమిషానికోసారి నడిచే వరుస అక్కడ ఉంది. సర్వర్ మార్చినప్పుడు ఎవరో రూట్‌గా లాగిన్ అయి, రూట్‌గానే క్రాన్ పెట్టి వెళ్లిపోయారు. క్రాన్ ప్రతి నిమిషం సున్నా సెకన్ల దగ్గర మేల్కొంటుంది. తేదీ మారగానే కొత్త లాగ్ ఫైలు కావాలి. దాన్ని మొదట ఎవరు తెరిస్తే వాళ్లే ఓనర్. పన్నెండు కొట్టిన మొదటి సెకనులోనే రూట్ వచ్చి ఒక వరుస రాసేస్తోంది, ఫైలు రూట్ పేరు మీద పుడుతోంది. ఆ తర్వాత రాత్రి షిఫ్ట్ వాళ్లు ఎంట్రీ సేవ్ చేస్తారు, ఈ అప్లికేషన్ ప్రతి ఎంట్రీకీ లాగ్‌లో ఒక వరుస రాస్తుంది, ట్రిపుల్ డబ్ల్యూ డేటాకి ఆ ఫైల్లో రాసే హక్కు లేదు, 500. ఇంకో మాట, ఈ అప్లికేషన్‌లో టైమ్‌జోన్ మన టైముకే పెట్టారు. లారావెల్‌లో ముందే ఉండే యూటీసీనే వదిలేసి ఉంటే ఇదే గొడవ మనకి తెల్లవారుజామున 5:30కి మొదలయ్యేది. అప్పుడు కారణం ఊహించడం ఇంకా కష్టం.

మరి ఫోల్డర్ 777 ఉంది కదా, అయినా ఎందుకు ఆగింది? ఎందుకంటే చమోడ్ ఉన్నవాటికే వర్తిస్తుంది. రేపు పుట్టబోయే ఫైలుకి వర్తించదు. పుట్టే ఫైలు పర్మిషన్‌ని నిర్ణయించేది పుట్టించిన ప్రాసెస్‌కి ఉన్న యూమాస్క్, అంటే ఏ హక్కులు తీసేయాలో చెప్పే అంకె. ఫైలుకి 666 అడుగుతారు, యూమాస్క్ 022 అయితే గ్రూప్ నుంచీ అదర్స్ నుంచీ రాసే బిట్ తీసేస్తుంది, 644 మిగులుతుంది. అర్థమైందా? మీరు ఎన్ని వేలసార్లు 777 కొట్టినా రేపటి ఫైలు 644గానే పుడుతుంది.

సరిచేయడానికి ఎంతసేపు పట్టింది? రూట్ క్రాన్‌ట్యాబ్‌లోంచి ఆ వరుస తీసేసి, ట్రిపుల్ డబ్ల్యూ డేటా క్రాన్‌ట్యాబ్‌లో పెట్టాం. ఉన్న ఫైళ్లకి ఒకసారి చౌన్ కొట్టి ఓనర్ మార్చాం. పొద్దున ఆరు గంటల 777 క్రాన్ పీకేశాం. ఆ రాత్రి నుంచి కాగితాల అవసరం పోయింది.

ఎవరో తెలుసుకునేదెలా

సరే, ‘ఎవరు’ అని అడగమన్నాను. ఎలా తెలుసుకోవాలి? పీఎస్ ఆక్స్ కొట్టండి, నడుస్తున్న ప్రాసెస్‌లన్నీ వస్తాయి. మొదటి కాలమ్‌లో యూజర్ పేరు ఉంటుంది. డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో వెబ్ సర్వర్ అపాచీ అయినా పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం అయినా మామూలుగా ట్రిపుల్ డబ్ల్యూ డేటా. రెడ్ హ్యాట్, ఆల్మా, రాకీ లినక్స్‌లలో అపాచీ అనే పేరుతోనే యూజర్ ఉంటాడు. ఇక్కడ ఒక చోట చాలామంది బోల్తా పడతారు. ముందు ఎంజిన్ ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంది, వెనక పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం ఉంది. ఫోల్డర్‌లో రాసేది ఎవరు? ఎంజిన్ ఎక్స్ అన్నవాళ్లు చేతులెత్తండి. కాదు. పీహెచ్‌పీ కోడ్‌ని నడిపేది ఎఫ్‌పీఎం, దాని పూల్ ఫైల్లో, అంటే సెట్టింగుల ఫైల్లో, యూజర్ అని ఏ పేరుంటే ఆ పేరు మీద రాస్తుంది. రెడ్ హ్యాట్ వైపు సర్వర్లలో ముందు ఎంజిన్ ఎక్స్ పెట్టినా, ఎఫ్‌పీఎం పూల్‌లో ముందే ఉండే పేరు అపాచీ. మీరు ఎంజిన్ ఎక్స్ యూజర్‌కి హక్కులిచ్చి, ఎందుకు రావట్లేదని జుట్టు పీక్కుంటారు.

పేరు తెలిశాక ఊహాగానాలు వద్దు, ఆ యూజర్‌గానే రాసి చూడండి. సుడో హైఫన్ యూ ట్రిపుల్ డబ్ల్యూ డేటా, టచ్, ఆ తర్వాత ఆ ఫోల్డర్ పూర్తి దారి, చివర ఒక టెస్ట్ ఫైలు పేరు. ఒక్క వరుస. సుడో అంటే ఇంకో యూజర్ పేరు మీద కమాండ్ నడపడం, టచ్ అంటే ఖాళీ ఫైలు పుట్టించడం. రాసిందా, ఫైలు వస్తుంది. రాయలేదా, ఎర్రర్ మీ కళ్లెదుటే వస్తుంది. చాలామంది ఏం చేస్తారంటే రూట్‌గా లాగిన్ అయి టచ్ కొట్టి, ‘నాకైతే వస్తోందండీ’ అంటారు. రూట్‌కి రాకుండా ఎలా ఉంటుంది? రూట్‌కి ఈ ఆర్ డబ్ల్యూ ఎక్స్ లెక్కలు దాదాపు వర్తించవు. రూట్‌గా చేసిన పరీక్ష పరీక్షే కాదు.

ఇప్పుడు ఆ అంకెల మాట. 4 చదవడం, 2 రాయడం, 1 ఎగ్జిక్యూట్. ఓనర్‌కి ఒకటి, గ్రూప్‌కి ఒకటి, అదర్స్‌కి ఒకటి. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిది ఒకటి అడుగుతాను. ఒక ఫైలుకి 077 పర్మిషన్ పెట్టాను. ఓనర్‌కి సున్నా, గ్రూప్‌కీ అదర్స్‌కీ అన్నీ. ఓనర్ ఆ ఫైలు చదవగలడా? అదర్స్‌లో అందరూ వస్తారు కదా, చదవగలడనే కదా మీరంటారు? చదవలేడు. లినక్స్ గుండెకాయ కెర్నల్ వరసగా చూస్తుంది. నువ్వు ఓనర్‌వా? అయితే ఓనర్ అంకె ఒక్కటే నీది, కిందకి చూడదు. కాదా, గ్రూప్‌లో ఉన్నావా? అయితే గ్రూప్ అంకె ఒక్కటే. రెండూ కాకపోతేనే అదర్స్. ఒకటి దాటాక ఇంకోటి కలిపి చూడటం ఉండదు.

ఫోల్డర్ దగ్గరికి వచ్చేసరికి ఈ మూడు బిట్లకి అర్థాలు మారతాయి. ఫోల్డర్ అంటే లోపలున్న పేర్ల పట్టిక. చదవడమంటే ఆ పట్టిక చూడటం. రాయడమంటే పట్టికలో పేరు చేర్చడం, తీసేయడం, మార్చడం. ఎగ్జిక్యూట్ అంటే ఆ ఫోల్డర్ గుండా లోపలికి దాటడం. ఇందులోంచి ఒక విచిత్రం వస్తుంది. మీ ఫైలు 444, ఎవరూ రాయలేరు. కానీ ఫోల్డర్ మీద నాకు రాసే హక్కు ఉంది. నేను మీ ఫైలుని డిలీట్ చేయగలనా? చేయగలను. ఎందుకంటే డిలీట్ అంటే పట్టికలోంచి పేరు కొట్టేయడం, దానికి కావలసింది ఫోల్డర్ హక్కు. అందుకే అందరూ రాసుకునే టెంప్ ఫోల్డర్‌కి 777 కాకుండా 1777 ఉంటుంది. ఆ ముందున్న 1 స్టికీ బిట్. ఎవరి ఫైలు వాళ్లే తీసుకోవాలి, పక్కవాడిది ముట్టుకోకూడదు.

అప్‌లోడ్స్ ఫోల్డర్ సంగతి చూద్దాం. కోడ్ పెట్టేవాడు డిప్లాయ్ అనే యూజర్ అనుకోండి. ఫోల్డర్ డిప్లాయ్ పేరు మీద ఉంది, 755. వెబ్ యూజర్ ఏ లెక్కలోకి వస్తాడు? అదర్స్. అదర్స్‌కి 5, అంటే చదవొచ్చు, దాటొచ్చు, రాయలేడు. డినైడ్. కాబట్టి ఆ ఒక్క ఫోల్డర్ గ్రూప్‌ని ట్రిపుల్ డబ్ల్యూ డేటాగా మార్చి, 2775 ఇవ్వండి. ముందున్న 2 ఏంటి? సెట్‌జీఐడీ. అది ఉంటే లోపల పుట్టే ప్రతి ఫైలూ, ప్రతి ఫోల్డరూ అదే గ్రూప్‌ని తీసుకుంటుంది, పుట్టించినవాడి గ్రూప్‌ని కాదు. దీని తోబుట్టువు సెట్‌యూఐడీ, అది ఉంటే ఎవరు నడిపినా ప్రోగ్రామ్ దాని ఓనర్ పేరు మీదే నడుస్తుంది; పాస్‌వర్డ్ మార్చుకునే కమాండ్ మామూలు యూజర్‌కి పనిచేసేది దానివల్లే. దాని మీద డెనిస్ రిచీకి 1979లో పేటెంట్ కూడా వచ్చింది. నాలుగో అంకె అంటే చాలామంది భయపడతారు గానీ, సగం తలనొప్పులు తీర్చేది అదే.

గ్రూప్ పద్ధతిలో రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, యూమాస్క్ 022 ఉంటే గ్రూప్ సరిగ్గా వచ్చినా గ్రూప్‌కి రాసే బిట్ ఉండదు, 002 పెట్టుకోవాలి. రెండు, యూజర్‌ని గ్రూప్‌లో చేర్చేటప్పుడు యూజర్‌మోడ్‌కి చిన్న ఏ, పెద్ద జీ రెండూ ఇవ్వాలి. చిన్న ఏ మర్చిపోతే మిగతా గ్రూపులన్నిట్లోంచీ పీకేసి ఈ ఒక్కదాన్లో పెడుతుంది. సుడో గ్రూప్ కూడా పోతుంది. చేర్చాక ఆ సర్వీస్‌ని రీస్టార్ట్ చేయాలి, నడుస్తున్న ప్రాసెస్‌కి కొత్త గ్రూప్ తెలియదు. ‘చేర్చాను, అయినా రావట్లేదు’ అనే ఫోన్లలో చాలా భాగం ఇదే.

ఇంకా సున్నితంగా కావాలంటే ఏసీఎల్, అంటే యూజర్ వారీగా హక్కుల జాబితా, ఉంది. సెట్ ఎఫ్‌ఏసీఎల్‌తో ఓనర్‌నీ గ్రూప్‌నీ కదపకుండా ఈ ఒక్క యూజర్‌కి ఇవ్వొచ్చు, డిఫాల్ట్ పెడితే రేపు పుట్టేవాటికీ వర్తిస్తుంది. ఎల్ఎస్‌లో పర్మిషన్ల చివర ప్లస్ గుర్తు కనిపిస్తే ఏసీఎల్ ఉన్నట్టు. అప్పుడు మీరు చూసే ఆర్ డబ్ల్యూ ఎక్స్ పూర్తి కథ కాదు.

దారిలో ఎవరు ఆపుతున్నారు

ఫోల్డర్ ఓనర్ సరిగ్గా ఉంది, పర్మిషన్ సరిగ్గా ఉంది, అయినా డినైడ్. ఇప్పుడు? దారి చూడాలి. పోర్టులో పనిచేసేవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఉన్నారు. బెర్తు దగ్గరికి వెళ్లడానికి మీకు పూర్తి అనుమతి ఉందనుకోండి. మెయిన్ గేటు దగ్గర పాస్ లేదని ఆపేశారు. బెర్తు అనుమతి ఎందుకు పనికొచ్చింది? ఫోల్డర్ దారి కూడా అంతే. అన్నిటికంటే పైనున్న స్లాష్ నుంచి చివరిదాకా ప్రతి ఫోల్డర్‌లోనూ ఆ యూజర్‌కి ఎగ్జిక్యూట్ బిట్ ఉండాలి. మధ్యలో ఒక్కటి లేకపోయినా అంతే సంగతులు.

ఇది ఎక్కువగా ఎక్కడ తగులుతుందంటే, ప్రాజెక్టుని హోమ్ ఫోల్డర్ కింద పెట్టినప్పుడు. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే హోమ్ ఫోల్డర్లకి 750 ఇస్తున్నారు. అంతకుముందు 755 ఉండేది. పాత ట్యుటోరియల్ చూసి హోమ్‌లో సైట్ పెడతారు, అది రాసినవాడికి పనిచేసింది, మీకు పనిచేయదు. ఇద్దరి తప్పూ లేదు. దీన్ని పట్టుకోడానికి నేమ్ ఐ హైఫన్ ఎల్ అని ఒక కమాండ్ ఉంది. పూర్తి దారి ఇస్తే, మెట్టు మెట్టుకీ ఓనర్, గ్రూప్, పర్మిషన్ ఒక్కో వరుసలో చూపిస్తుంది. ఇంత మంచి కమాండ్ ఉందని ఎంతమందికి తెలుసు? ఇద్దరు. సరే, ఇప్పుడు అందరికీ తెలుసు.

777 కొట్టినా రాకపోతే

ఇది నాకు ఇష్టమైన భాగం. 777 కొట్టారు, అయినా డినైడ్. అప్పుడు మొహాలు చూడాలి! కానీ అది శుభవార్త. ఎందుకంటే ఆపుతున్నది ఆర్ డబ్ల్యూ ఎక్స్ కాదని తేలిపోయింది. దానికి పైన ఇంకొకరు ఉన్నారు.

రెడ్ హ్యాట్, ఆల్మా, రాకీ అయితే మొదటి అనుమానం ఎస్ఈ లినక్స్ మీద. ఇది అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ చేసి 2000 డిసెంబర్‌లో బయటపెట్టింది, 2003లో కెర్నల్‌లో కలిసింది. దీనికి మీ 777తో సంబంధం లేదు. ప్రతి ఫైలుకీ ఒక లేబుల్ ఉంటుంది, ప్రతి ప్రాసెస్‌కీ ఒక లేబుల్ ఉంటుంది, ఈ లేబుల్ ఆ లేబుల్‌లో రాయొచ్చని పాలసీలో ఉంటేనే రాయనిస్తుంది. గెట్ ఎన్‌ఫోర్స్ కొట్టండి, ఎన్‌ఫోర్సింగ్ అంటే కాపలా ఉన్నట్టు. ఎల్ఎస్ హైఫన్ పెద్ద జడ్ కొడితే లేబుల్ కనిపిస్తుంది.

ఒక మామూలు సంఘటన చెప్తాను. జిప్ ఫైలుని హోమ్ ఫోల్డర్‌లో విప్పుతారు. అక్కడినుంచి ఎంవీ కొట్టి వెబ్ ఫోల్డర్‌లోకి జరుపుతారు. ఎంవీ పాత లేబుల్‌ని వెంట తెస్తుంది. ఫైలు వచ్చింది వెబ్ ఫోల్డర్‌లోకి, లేబుల్ మాత్రం ఇంకా ‘ఇది హోమ్‌లోది’ అంటోంది. అదే సీపీతో కాపీ కొట్టి ఉంటే కొత్త చోటి లేబుల్ వచ్చేది. ఎంవీ కొట్టేసి ఉంటే, చోటుకి తగ్గ లేబుల్ తిరిగి పెట్టే రీస్టోర్‌కాన్ కొడితే చాలు. అప్‌లోడ్స్‌లాంటి రాసే ఫోల్డర్‌కి మాత్రం అదొక్కటే చాలదు. ముందు సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో ‘ఈ దారికి హెచ్‌టీటీపీడీ సిస్ ఆర్‌డబ్ల్యూ కంటెంట్’ అనే లేబుల్ నమోదు చేయాలి, ఆ తర్వాత రీస్టోర్‌కాన్. సీహెచ్‌కాన్‌తో నేరుగా మార్చేస్తే ఇవాళ్టికి పనిచేస్తుంది, ఎవరైనా మళ్లీ రీస్టోర్‌కాన్ కొట్టిన రోజు పోతుంది. ఏమైందో తెలియాలంటే ఏయూసెర్చ్‌తో ఆడిట్ లాగ్ చూడండి, ఏ ప్రాసెస్‌ని ఏ ఫైలు దగ్గర ఆపిందో పూసగుచ్చినట్టు రాసి ఉంటుంది. ఎస్ఈ లినక్స్‌ని పూర్తిగా ఆపేయమని చెప్పేవాళ్లు దొరుకుతారు. పరీక్ష కోసం ఒక నిమిషం సెట్ ఎన్‌ఫోర్స్ సున్నా పెట్టి, కారణం అదేనా అని చూసుకుని, వెంటనే ఒకటి పెట్టేయండి. అలాగే వదిలేస్తే 777కీ దానికీ తేడా లేదు.

ఇంకో పైవాడు సిస్టమ్‌డీ, సర్వర్లో సర్వీసులన్నిటినీ నడిపేది. సర్వీస్ ఫైల్లో ప్రొటెక్ట్ సిస్టమ్, ప్రొటెక్ట్ హోమ్ లాంటి వరుసలుంటే ఆ సర్వీస్‌కి కొన్ని ఫోల్డర్లు రాయడానికి వీల్లేకుండా కనిపిస్తాయి. మీకు టెర్మినల్‌లో అన్నీ బాగానే ఉంటాయి, సర్వీస్‌కి మాత్రం ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అని వస్తుంది. రీడ్ రైట్ పాత్స్ అని ఆ ఒక్క ఫోల్డర్ కలపాలి.

అప్లికేషన్‌ని విడి డబ్బాలో పెట్టి నడిపే డాకర్ వాడేవాళ్లకి ఒక మాట. కెర్నల్‌కి పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. డెబియన్ మీద కట్టిన పీహెచ్‌పీ ఇమేజ్‌లో ట్రిపుల్ డబ్ల్యూ డేటా అంటే 33. ఆల్పైన్ మీద కట్టినదాన్లో అదే పేరు 82. ఇమేజ్ మార్చారు, పేరు అదే ఉంది, బయట ఫోల్డర్ ఓనర్ 33, లోపల రాసేవాడు 82. పేర్లు చూసుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఎల్ఎస్ హైఫన్ ఎల్ఎన్ కొట్టి అంకెలు చూడండి. విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్ వాడేవాళ్లు కూడా ఉన్నారు కదా, మీకూ ప్రశ్న అదే. అప్లికేషన్ పూల్ ఏ పేరు మీద నడుస్తోందో చూసి, ఆ పూల్ ఐడెంటిటీకి ఆ ఒక్క ఫోల్డర్ మీద మాడిఫై ఇవ్వండి. ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చారంటే అది మీ 777.

కొన్నిసార్లు ఇది పర్మిషన్ గొడవే కాదు. ఎర్రర్ పూర్తిగా చదవండి, దయచేసి. ‘పర్మిషన్ డినైడ్’ అంటే 13వ నంబర్ ఎర్రర్. ‘నో స్పేస్ లెఫ్ట్’ అంటే 28. ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటే 30. మూడింటికీ 777 కొట్టేవాళ్లని చూశాను. గాజువాక వైపు ఆఫీసుల్లో మూలన పెట్టిన సర్వర్లు ఉంటాయి. కరెంటు పోయి వచ్చాక డిస్క్‌లో లోపం కనబడితే ఎక్స్‌ట్ 4 ఫైల్ సిస్టమ్ తనని తాను రీడ్ ఓన్లీగా మార్చుకునే సెట్టింగ్ మామూలుగా ఉంటుంది. అప్పుడు చూడాల్సింది డీమెసేజ్‌లో కెర్నల్ రాసిన సందేశాలు, తర్వాత బ్యాకప్. డిస్క్‌లో జాగా ఉండి కూడా నో స్పేస్ వస్తే డీఎఫ్ హైఫన్ ఐ కొట్టండి, ఐనోడ్‌లు, అంటే ఫైలుకొకటి చొప్పున ఉండే గళ్లు, అయిపోయి ఉంటాయి, లక్షల చిన్న సెషన్ ఫైళ్లు పేరుకుపోయి. చిన్న ఫొటో ఎక్కి పెద్ద ఫొటో ఎక్కకపోతే అసలు పర్మిషన్ వైపు చూడకండి. పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితి ముందుగా 2 ఎంబీ ఉంటుంది, ఎంజిన్ ఎక్స్‌లో 1 ఎంబీ. ఇవాళ్టి ఫోన్‌తో తీసిన ఫొటో మామూలుగానే అది దాటుతుంది.

సెక్యూరిటీ మాట చెప్తానన్నాను. 777 ఉన్న అప్‌లోడ్స్‌లోకి ఎవరో ఫొటో అని చెప్పి పీహెచ్‌పీ ఫైలు ఎక్కించారు. ఆ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడుస్తుంది కూడా. అయిపోయింది, సర్వర్ వాళ్లది. నిజానికి ఇక్కడ 775 పెట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే రాసేది వెబ్ యూజరే. కాబట్టి రాసే ఫోల్డర్‌లో కోడ్ నడవకూడదు, కోడ్ ఉన్న ఫోల్డర్‌లో వెబ్ యూజర్ రాయకూడదు. వర్డ్‌ప్రెస్ తనని తాను అప్‌డేట్ చేసుకోవాలంటే రెండోది కుదరదు, అక్కడ మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. నేనైతే కోడ్‌కి హక్కు ఇవ్వను, అప్‌డేట్ చేతితో చేసుకుంటాను. 777లో అదనంగా ఏముందంటే, అదే సర్వర్ మీదున్న పక్క సైట్ వాళ్లూ మీ ఫోల్డర్‌లో రాయొచ్చు. ఒక్కో సైట్ స్క్రిప్ట్‌ని దాని ఓనర్ పేరు మీద నడిపే సూఎగ్జెక్ ఉన్న షేర్డ్ హోస్టింగ్‌లలో అయితే 777 ఉన్న ఫోల్డర్‌లోని స్క్రిప్ట్‌ని నడపనే నడపదు, 500 కొడుతుంది. సరిచేద్దామని కొట్టిన 777 వల్లే సైట్ ఆగిపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మూడో వరసలో అమ్మాయి. ‘పొరపాటున స్లాష్ మీద, అంటే మొత్తం సర్వర్ మీద చమోడ్ ఆర్ 777 కొట్టేస్తే ఏం చేయాలి సార్?’ నవ్వుతున్నారు గానీ, ఇది జరుగుతుంది. దారిలో స్లాష్ ముందున్న ఒక్క చుక్క తప్పిపోతే చాలు. అమ్మా, మొట్టమొదటిది, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ విండో తెరిచి ఉంటే మూయకండి. సర్వర్ ప్రైవేట్ కీలు అందరికీ తెరిచి ఉంటే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ వాటిని ఒప్పుకోదు, రీస్టార్ట్ అయ్యాక మళ్లీ లోపలికి రాలేరు. 777 కొట్టినప్పుడు సుడో మీదున్న సెట్‌యూఐడీ బిట్ కూడా పోతుంది, కాబట్టి సుడో పనిచేయదు. రూట్‌గా ఉన్న ఆ ఒక్క విండోయే మీకు మిగిలింది. రెడ్ హ్యాట్ వైపు అయితే ఆర్‌పీఎం సెట్‌పెర్మ్స్‌తో ప్యాకేజీల ఫైళ్లు చాలావరకు వెనక్కి వస్తాయి. ఉబుంటులో దానికి సాటి కమాండ్ లేదు. అక్కడ పర్మిషన్లు వెనక్కి పెట్టడానికి కుస్తీ పట్టకండి. ఆ విండోలోంచే డేటాబేస్ డంప్ తీసి, అప్‌లోడ్స్ కాపీ చేసుకుని, కొత్త సర్వర్ ఎత్తండి. ఈసారి క్రాన్ ఎవరి పేరు మీద పెడుతున్నారో చూసుకోండి.